గంజి తొట్టి నుంచి గోషా దాకా

మా అవ్వ ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుంటే, కలరా ఉండల వాసన పట్టిన రెండు చీరల కింద ఒక కళ్లజోడు దొరికింది. సోడాబుడ్డి అద్దాలు. కుడి కాడ ఎప్పుడో విరిగితే నల్లదారం చుట్టి కట్టుకుంది. ఇంట్లో దాన్ని ‘ఎగ్మూరు జోడు’ అనేవాళ్లం. నేను పుట్టకముందు, మద్రాసు ఎగ్మూరు కంటాసుపత్రిలో పొర తీయించుకుని వచ్చాక పెట్టుకున్న జోడు అది. ఆమె చూసిన పట్నం మద్రాసు ఒక్కటే. చూసిన అనకూడదేమో. “మద్రాసు ఎట్లుంటుందవ్వా?” అని అడిగితే, “నేనేడ చూశా? విన్నా” అనేది. కళ్లకు కట్లు కట్టి పది రోజులు పడుకోబెట్టారు కదా.

నెల్లూరు వాళ్లకు మద్రాసంటే మూడే: సినిమా స్టూడియోలు, మూర్ మార్కెట్, ఆస్పత్రులు. స్టూడియోలు హైదరాబాదుకు తరలిపోయాయి. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఆస్పత్రులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక రోజు వాటిని తిరిగి చూసొస్తానంటే మా ఆయన నవ్వారు. “ఒంట్లో ఏమీ లేకుండా ఆస్పత్రుల చుట్టూ తిరిగే మనిషిని నిన్నే చూస్తున్నా. కాశీకి పోతానంటే వింటానికన్నా బాగుంటుంది” అన్నారు. కాశీ మీద ఆయన కన్నుంది, అది వేరే సంగతి.

సూళ్లూరుపేటలో లోకల్ మారాను. తడ దాటేసరికి పెట్టెలో సగం మంది చేతుల్లో తెల్ల కవర్లు కనిపించాయి, స్కాన్‌లు, ఎక్స్‌రేలు పెట్టే పెద్ద కవర్లు. కిటికీ పక్క సీటు వాళ్లు వాటిని ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. నిలబడ్డవాళ్లు మడత పడకుండా తలకంటే పైకెత్తి పట్టుకున్నారు. బస్తాలకు, పాలక్యాన్లకు దారివ్వని జనం ఆ కవర్లకు మాత్రం దారి ఇస్తున్నారు.

కొరుక్కుపేటలో దిగి ఆటో అతనితో “స్టాన్లీ” అన్నాను. అతను వెనక్కి తిరిగి, “కంజి తొట్టియా?” అని అడిగాడు. నేను వెతుక్కుంటూ వచ్చిన మాట, బేరం కూడా కాకముందే, అడక్కుండానే దొరికింది.

కంజి మన గంజే. 1780లో హైదరాలీ సైన్యం కర్ణాటకం మీదికి దిగినప్పుడు చుట్టుపక్కల పల్లెలు తగలబడ్డాయి, పంటలు పోయాయి, జనం కోట దాపుకు చేరారు. 1782లో వాళ్లకు ఒక ఊరి పెద్ద తోటలో గంజి పోయడం మొదలుపెట్టారు. ఊరి పెద్దను తమిళంలో మణియక్కారర్ అంటారు. మనవైపు పాత కాగితాల్లో కనిపించే మణేగారు ఆయనే. ఇంగ్లీషు నోట పడి అది ‘మొనెగార్’ అయింది, గంజి పోసిన చోటు మొనెగార్ చౌల్ట్రీ అయింది. గంజికి వచ్చినవాళ్లలో రోగులే ఎక్కువ. ఆకలి, విరేచనాలు, జ్వరం కలిసే వస్తాయి. 1799లో జాన్ అండర్‌వుడ్ అనే డాక్టరు అక్కడే దేశీయుల కోసం ఒక ఆస్పత్రి తెరిచాడు. ముందు గంజి, తర్వాత మందు. ఆ వరస జనం నాలుక మీద అలాగే ఉండిపోయింది. 1877 ప్రాంతంలో ఆస్పత్రి పక్కన రాయపురం మెడికల్ స్కూలు వచ్చింది. 1930ల్లో గవర్నర్ జార్జ్ స్టాన్లీ పేరు తగిలింది, 1938లో కాలేజీ అయింది. బోర్డులు ఎన్ని మారినా ఆటో అతనికి అది గంజి తొట్టే.

మన వాళ్లు ప్రభుత్వాసుపత్రిని ధర్మాసుపత్రి అంటారు. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచి చిరాకు. పన్నులు కట్టేది మనం, మధ్యలో ధర్మమేంటి అని. ఓల్డ్ జైల్ రోడ్డు మీద నిలబడ్డాక ఆ మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో కాస్త అందింది. ఇక్కడికి మొదట వచ్చినవాడు రోగి కాడు, అన్నార్తి. వాడికి దొరికింది హక్కు కాదు, ముంత గంజి. చౌల్ట్రీ ఇప్పటికీ ఉంది, దిక్కులేని ముసలివాళ్లకు నీడగా. దాని ధర్మకర్తల సంస్థ పేరులో మొనెగార్‌తో పాటు మన వెంకటగిరి రాజా చౌల్ట్రీ కూడా కలిసి ఉంటుంది. ఆ రాజా సాయంత్రం మళ్లీ తగులుతాడు.

మన జనం ఇక్కడికి నడిచి వచ్చిన సంవత్సరాలున్నాయి. నందన నామ సంవత్సరం, 1832–33. గుంటూరు వైపు వాన్లు లేక జనం డొక్కలెండి పోయారు. అందుకే అది డొక్కల కరువు. ఆ జిల్లా జనంలో సుమారు మూడో వంతు పోయారని లెక్క. బతికినవాళ్లలో చాలామంది ఒంగోలు, నెల్లూరు మీదుగా మద్రాసు బాట పట్టారు. దారి పొడుగునా శవాలేనని అప్పట్లో చూసినవాళ్లు రాశారు. నేను రైల్లో కూచుని పల్లీలు తింటూ వచ్చిన దారీ ఇంచుమించు అదే.

తర్వాత ధాత కరువు, 1876 నుంచి. అప్పుడు మద్రాసులో ఒక వింత తగవు నడిచింది. మనిషి బతకడానికి రోజుకు ఎంత తిండి కావాలన్నదే ఆ తగవు. వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, కాస్త చిల్లర చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. అంతకుముందు బిహారు కరువులో చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టాడని ఆయన మీద మాట పడింది. ఆ మచ్చ కడుక్కోవడానికి మద్రాసు కూలీల కడుపు దొరికింది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం ఒకటిన్నర పౌను గింజలు, వాటితో పప్పూ కూరా లేకుండా మట్టి మోసే మనిషి నిలవడని వాదించాడు. జైల్లో ఖైదీకి పెట్టేదానితో పోల్చి చూపించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం దిగొచ్చింది గానీ ఆ నెలల్లో పోయినవాళ్లు పోయారు. వైద్యచరిత్ర అంటే మందుల చరిత్రని అనుకుంటాం. ఆ ఏడాది ఈ నగరంలో డాక్టర్లు కొట్లాడింది అరపౌను గింజల కోసం.

ఆస్పత్రి ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగాను. పక్కన బెంచీ మీద కార్పొరేషన్ జాకెట్టు తొడుక్కున్న ఒకామె కూచుని బన్ను టీలో ముంచుకుని తింటోంది. చీపురు గోడకానించి ఉంది. నేను ఫోన్లో మాట్లాడటం విన్నట్టుంది.

“నెల్లూరాక్కా?”

“అవునమ్మా. నువ్వు?”

“మాదీ ఆ పక్కేనంట.”

“అంట ఏంటి?”

“మా తాతకు తాత వచ్చినాడంట. ఏ ఊరో మాలో ఎవురికీ తెలీదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. రాసేది, చదివేది తమిళం.” బన్ను ముక్క టీలో పడిపోతే వేలితో పైకి తీసుకుంది. “మీకేమి ఒంట్లో?”

“ఏం లేదు. ఆస్పత్రి చూద్దామని వచ్చా.”

ఆమె పకపకా నవ్వింది. “బీచ్చి చూడకుండా ఆస్పత్రి చూసేదానికొచ్చినారా!”

ఈ ఊళ్లో వీధులు ఊడ్చేవాళ్లలో, డ్రైనేజీల్లోకి దిగేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. భూగర్భ గొట్టాలు రాకముందు ఇళ్ల వెనకనుంచి మలం తట్టలకెత్తి, బండ్లలో పోసి ఊరవతలికి తోలిన చేతులే అప్పట్లో ప్రజారోగ్య శాఖ. కలరా మీద, మశూచి మీద సర్కారు వేసిన ఏ పథకమైనా ముందు ఆ చేతుల మీదుగా నడవాల్సిందే. శానిటరీ కమిషనర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కింగ్ అనే ఆయన పేరు మీద గిండీలో 1905లో తెరిచిన సంస్థ కూడా ఉంది. దూడల చర్మం మీద గాట్లు పెట్టి మశూచి టీకాకు రసి తీసింది అక్కడే. గిండీ దాకా పోలేదు, ఎండ అలా ఉంది. ఈమె తాతకు తాత పేరు మాత్రం ఈమెకే తెలీదు. టీ డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు. “మా వీధికొచ్చినారు, మీరెట్లా ఇస్తారు” అంది.

టీకా మాట వచ్చింది గనుక ఒక పిట్టకథ. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో టీకా వచ్చిన కొత్తలో జనం దగ్గరికి రానివ్వలేదు. మశూచి అమ్మవారు కదా, ఆమె వస్తుంటే అడ్డం పడటమా? అప్పుడు మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్, ఆవు నుంచి వచ్చిన ఈ మందూ దైవప్రసాదమేనని నమ్మించే కథ ఒకటి తమిళంలో అల్లాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదు, తమిళం కన్నడాలకు తోబుట్టువు అని 1816లో రాసి చూపించిన ఎల్లిస్ ఇతనే. భాషల పుట్టుక దగ్గర నిజం నిలబెట్టినవాడు రోగం దగ్గర ఒక కట్టుకథ అల్లాడు. నాకెందుకో అతని మీద కోపం రాలేదు.

ఆటో జార్జిటౌన్ సందుల్లోంచి పోతుంటే ‘ఏడు బావులు’ అన్న వీధి పేరు కనిపించింది. కోటలో తెల్లవాళ్లకు మంచినీళ్ల కోసం 1772లో బేకర్ అనే కెప్టెను తవ్వించిన బావులవి. ఊరికి మాత్రం అప్పటికింకా ఎవరి బావి వాళ్లదే. అందరికీ అని నీళ్లు వచ్చింది 1872లో, రెడ్‌హిల్స్ చెరువు నుంచి. అవీ వడకట్టని నీళ్లు. కిల్పాక్‌లో ఇసుక వడపోత మడుగులు 1914కు గానీ రాలేదు. కోటకు, ఊరికి మధ్య ఎడం ఎంతంటే అచ్చంగా నూరేళ్లు, ఆపైన.

అదే 1772లో జనరల్ ఆస్పత్రి కూడా ఇప్పుడున్న చోటికి వచ్చింది. పుట్టింది మాత్రం 1664 నవంబరులో, కోటలో. ఏజెంటు ఎడ్వర్డ్ వింటర్, జబ్బుపడ్డ కంపెనీ సిపాయిలను పడుకోబెట్టడానికి ఒక ఇల్లు తీసుకున్నాడు. వాళ్లు బ్యారక్కుల్లో మగ్గి చచ్చిపోతుంటే చూడలేక అని అంటారు. చూడలేకపోవడం ఎంతో, ఓడెక్కించి తెచ్చిన సిపాయి ఖరీదు ఎంతో! ఏమైనా ఈ నగరపు వైద్యానికి రెండు పొయ్యిలు. ఒకటి కోటలో సిపాయి కోసం వెలిగింది, రెండోది కోట బయట ఆకలి కోసం. రెండింటి మధ్య దూరం ఆటోలో పావుగంట.

సెంట్రల్ స్టేషన్ ఎదుట రోడ్డు దాటాలంటే సొరంగంలో దిగి ఎక్కాలి. ఎక్కాక ఎదురుగా ఆకాశమంటే టవర్ బ్లాకులు. పాత కట్టడాలు కూలగొట్టి ఇరవై ఏళ్ల కిందట కట్టినవి. ఇప్పుడు పేరు రాజీవ్ గాంధీ ఆస్పత్రి. మా రైలు జనానికి ‘జీహెచ్’. నెల్లూరు, చిత్తూరు పల్లెల్లో ‘మద్రాసుకు రాశారు’ అంటే ఇక్కడికని అర్థం. అనేవాళ్ల గొంతు కూడా కాస్త తగ్గుతుంది.

ముందర డాక్టర్ రంగాచారి విగ్రహం ఉంది. పందొమ్మిది వందల ఇరవైల్లో ఈ ఊళ్లో ఆయన చెయ్యి పడితే గండం గడిచినట్టేనని పేరు. దూరాన ఉన్న రోగుల కోసం సొంత విమానమే కొనుక్కున్నాడు. అలాంటి మనిషి 1934లో, యాభై రెండేళ్లకే పోయాడు. టైఫాయిడ్‌తో. టైఫాయిడ్ నీళ్లతో, తిండితో వచ్చే జబ్బు. కత్తి పట్టుకుని వేలమందిని లేపినవాణ్ని ఒక గుక్కెడు నీళ్లో, ఒక ముద్ద అన్నమో పడగొట్టింది. అప్పటికి కిల్పాక్ నీళ్లు వచ్చి ఇరవై ఏళ్లు. విగ్రహం పాదాల దగ్గర ఒక కుటుంబం పులిహోర పొట్లాలు విప్పుకుని తింటోంది. సీసాలో నీళ్లు ముందు పిల్లాడికి పట్టి, తర్వాత పెద్దవాళ్లు తాగారు.

పక్కనే మెడికల్ కాలేజీ. 1835లో బడిగా మొదలై 1850లో కాలేజీ అయింది. లోపల ఎర్ర ఇటుకల అనాటమీ భవనాన్ని ఎర్రకోట అంటారు. 1897 నాటిది. నేను గేటు దగ్గరే ఆగి ఇటుకల్ని చూస్తూ ఒక భీమవరం కుర్రాణ్ని తలుచుకున్నాను.

ఎల్లాప్రగడ సుబ్బారావు ఇక్కడ చదివాడు. గాంధీ పిలుపు రోజులు. శస్త్రచికిత్స గదికి ఖద్దరు కోటు వేసుకొచ్చాడు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపైంది. పరీక్షలు ఎంత బాగా రాసినా చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దాని కంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ పట్టాతో సర్కారు వైద్యసేవలో చోటు దొరకలేదు. ఈలోగా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. అందులో ఒకరిని తీసుకుపోయింది స్ప్రూ. మన వాళ్లు సంగ్రహణి అంటారు, తిన్నది ఒంటబట్టక మనిషి కరిగిపోయే జబ్బు. అదే జబ్బు తనకూ పట్టింది. నయం చేసింది ఈ ఎర్రకోట కాదు, ఆయుర్వేదం చేపట్టిన ఆచంట లక్ష్మీపతి. ఆ లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కాలేజీలోనే సుబ్బారావు పాఠాలు చెప్పుకుని, అక్కణ్నుంచి అమెరికా ఓడెక్కాడు. 1945లో ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం తయారైంది. స్ప్రూకు మందు అది. తమ్ముణ్నో అన్ననో మింగిన జబ్బుకు మందు కనుక్కుని పోయినవాళ్లు చరిత్రలో ఎందరుంటారు? మద్రాసు అతనికి నేర్పింది ఎంతో, ఇవ్వనిది ఎంతో లెక్క తేలదు. ఖద్దరు కోటు విప్పేసి ఉంటే ఎం.బి.బి.ఎస్. అయ్యేవాడు, ఏ రాజమండ్రిలోనో సివిల్ సర్జన్‌గా రిటైరయ్యేవాడు అని మా ఆయన అంటుంటారు. నాకా వాదన నచ్చదు. ఒకడికి జరిగిన అన్యాయం మంచికే వచ్చిందనడం, అన్యాయం చేసినవాడికి సుళువు.

మధ్యాహ్నానికి ఎగ్మూరు. ఇంతలో ఒక అవమానం కూడా జరిగింది. ఏ ఆస్పత్రో చెప్పను. గేటు మనిషి “పేషెంట్ యారు?” అన్నాడు. పేషెంటు లేరన్నాను. “అప్పుడు అటెండరా?” అదీ కాదన్నాను. మూడో రకం మనిషి ఆస్పత్రికి వస్తుందని అతని ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు. ఎండలో నన్ను పావుగంట నిలబెట్టి చివరికి పంపేశాడు. తప్పు నాదే. కవరు ఒకటి చేతిలో పట్టుకుని రావాల్సింది.

కంటాసుపత్రి ఉన్న రోడ్డును ఒకప్పుడు మార్షల్స్ రోడ్డు అనేవాళ్లు. ఇప్పుడు రుక్మిణీ లక్ష్మీపతి రోడ్డు. ఆమె పొద్దున తలుచుకున్న ఆచంట లక్ష్మీపతి భార్యే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్యమంత్రి అయింది. కంటాసుపత్రి గేటుకు ఆమె పేరు ఎంతగా అతికిందో, కావాలని పెట్టారో తోచినట్టు పెట్టారో గానీ.

ఆస్పత్రి మాత్రం 1819 నాటిది. లండన్‌లో మూర్‌ఫీల్డ్స్ తర్వాత ప్రపంచంలో కళ్లకే అని పుట్టిన పాత ఆస్పత్రుల్లో దీనిది రెండో స్థానమని చెప్తారు. మొదట రాయపేటలో ఉండేది, 1880ల్లో ఇక్కడికి మారింది. ఇక్కడ పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ నీటికాసులకు ఒక కొత్త ఆపరేషన్ పట్టుకున్నాడు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి చూపు నలిగిపోయే జబ్బు అది. నల్లగుడ్డు అంచున గుండ్రటి చిన్న చిల్లు తొలిచి ఆ నీటికి దారి చేస్తే చాలన్నాడు. 1909లో మొదలైన ఆ పద్ధతి ఇక్కణ్నుంచి లోకమంతా పోయింది.

ఎలియట్‌కు ఇంకో పట్టింపు ఉండేది. ఊరూరూ తిరిగే నాటు కంటివైద్యులు పొరను తీసేవాళ్లు కాదు. సూదితో కంట్లోనే కిందికి తోసేసేవాళ్లు. అడ్డం తొలగ్గానే రోగికి వెంటనే వెలుతురు కనిపించేది, ఎదురుగా చేతివేళ్లు లెక్కపెట్టేవాడు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు, వైద్యుడు డబ్బులు పుచ్చుకుని పక్కూరికి పోయేవాడు. కొన్నాళ్లకు కన్ను చీము పట్టేది, లేదా లోపల్లోపలే ఆరిపోయేది. అలా చెడిన కళ్లతో ఈ ఆస్పత్రికి వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఎలియట్ ఆ పద్ధతి మీద పుస్తకమే రాశాడు. తెల్లదొర మన వైద్యాన్ని తీసిపారేశాడని కొందరికి కోపం. నాకైతే వైద్యుడు పక్కూరికి వెళ్లాక ఏమైందో కూచుని లెక్కపెట్టడమే ఆ పుస్తకంలో గొప్ప అనిపిస్తుంది.

అవ్వకు ఇక్కడే పొర తీశారు. ఆ రోజుల్లో కంట్లో కొత్త కటకం పెట్టేవాళ్లు కాదు. ఉన్నది తీసేస్తే ఆ పని అంతా బయటి అద్దం చేయాలి. అందుకే సోడాబుడ్డి. కోసిన చోట కుట్లు గట్టిగా పడే పద్ధతులింకా రాలేదు, కదిలితే గాయం విచ్చుకుంటుంది. అందుకని తలకు అటొకటి ఇటొకటి ఇసుక సంచులు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారట. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వనే కూడదు. “పక్క మంచం మీద చిత్తూరామె ఉండె. ఆమె జోకులేస్తే నేను నోట్లో కొంగు కుక్కుకునేదాన్ని” అనేది. పది రోజులు ఆమె మద్రాసు విన్నది. పొద్దున్నే నర్సు చెప్పుల చప్పుడు, డెట్టాల్ వాసన, గంజి గిన్నెల మోత, రాత్రి ఎగ్మూరు స్టేషన్లో రైళ్ల కూత. పదకొండో రోజు కట్టు విప్పితే మొదట కనిపించింది గోడ మీద బల్లి అట. చిత్తూరామె మొహం చూద్దామని పక్కకు తిరిగితే ఆ మంచం ఖాళీ. ముందురోజే పంపేశారు. గొంతు తెలిసి మొహం తెలియని మనిషి మా అవ్వకు జీవితంలో ఆమె ఒక్కతే.

ఓపీ ముగిసిపోయింది. వరండా కడుగుతున్నారు. చెట్టు కింద అరుగు మీద కూచుని సంచీలోంచి జోడు తీసి పెట్టుకుని చూశాను. ఆస్పత్రి అంతా ఉబ్బి, అంచులు వంగి, నీళ్లలో మునిగినట్టు కనిపించింది. తల తిరిగి వెంటనే తీసేశాను.

చీకటి పడేలోపు ఇంకొకటి మిగిలింది. బీచ్ వైపు, చేపాక్ దగ్గర కస్తూర్బా ఆస్పత్రి. బస్సులో పక్కనామెను కస్తూర్బా ఎక్కడ అనడిగితే ఒక్క క్షణం తెల్లమొహం వేసి, “గోషా ఆస్పత్రియా!” అంది.

మేరీ షార్లీబ్ అనే లాయరుగారి భార్య మద్రాసులో కాపురానికొచ్చి, మగ డాక్టరును దగ్గరికి రానివ్వక కాన్పుల్లో చచ్చిపోతున్న ఆడవాళ్లను చూసి, తానే డాక్టరవుతానంది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది, ఈమె ఒకతె. తర్వాత లండన్ వెళ్లి చదివి తిరిగొచ్చి 1885లో ‘కులస్త్రీలకు, గోషా స్త్రీలకు’ అని ఆస్పత్రి తెరిచింది. ఆ పేరు ఇప్పుడు వింటే ఒళ్లు మండుతుంది. కానీ ఎగ్మూరులో అందరికీ ఉన్న కాన్పుల ఆస్పత్రికి పరదా దాటి, కులం దాటి రాని ఇళ్లుండేవి. ఆ ఇళ్ల గుమ్మం దాటించాలంటే వాళ్ల పట్టుదలనే బోర్డు మీద రాయాల్సి వచ్చింది. రాయకపోతే లోపలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. రాసినందువల్ల ఎవరు బయట ఉండిపోయారన్నది కూడా అడగాల్సిందే. దీని భవనాలకు లక్ష రూపాయలిచ్చింది వెంకటగిరి రాజా. ఆ సంస్థానంలో రాణివాసపు గోషా ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఆ లక్ష ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మార్చారు. గోషా పోయింది, గోషా ఆస్పత్రి పోలేదు. గేటు బయట మగవాళ్లు గుంపుగా నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక ముసలాయన వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, ఎవరో పిలుస్తారని కాబోలు, లోపలికే చూస్తున్నాడు.

తిరుగు లోకల్‌లో నా ఎదురుగా ఒక కన్నుకు ఆకుపచ్చ గుడ్డ వేలాడేసుకున్న పెద్దామె, ఆమె కొడుకూ కూచున్నారు. నాయుడుపేట దగ్గర పల్లె. పొద్దున ఆపరేషన్, సాయంత్రం రైలు. “పది రోజులు పడుకోబెట్టరా?” అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “పదిరోజులా? పొద్దున నాలుగు ఇడ్లీలు తిని పోయినా. లోపల పడుకోబెట్టింది పావుగంట.”

కొడుకు చీటీ నా చేతికిచ్చాడు. “అక్కా, ఇంగ్లీషులో ఉండాది. ఏ చుక్కలు ముందెయ్యాలో కాస్త చూడు.” చూశాను. ఒకటి రోజుకు ఆరుసార్లు, రెండోది నాలుగుసార్లు, మధ్యలో పది నిమిషాలు ఎడం. బరువులెత్తకూడదు, కన్ను నలపకూడదు. చదివి వినిపించాను. పెద్దామె అంతా విని, “నవ్వచ్చా?” అంది.

చీటీ ముందూ వెనకా తిప్పి చూశాను. దాని సంగతి రాసి లేదు.

“తలకు ఎప్పుడు పోసుకోవచ్చో అది చెప్పు ముందు. శుక్రవారం వస్తా ఉంది” అంది కళ్లగుడ్డ సర్దుకుంటూ.